బండి అల్లుడి చేతిలో, పాలసీ మామగారి పేరు మీద

మోటారు బీమా క్లెయిమ్ ఫారంలో బండి నంబరు, పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన చోటు గబగబా రాసేస్తారు. కలం ఆగేది ఆ తర్వాతి గడి దగ్గర: ప్రమాద సమయంలో బండి నడుపుతున్నది ఎవరు, యజమానికి అతను ఏమవుతాడు? విజయవాడ ఆటోనగర్‌లో ఏ టింకరింగ్ షెడ్డు ముందైనా కాసేపు నిలబడితే ఈ దృశ్యం ఎప్పుడో ఒకప్పుడు కంటబడుతుంది. బానెట్ నొక్కుకుపోయిన కారు, ఫారం పట్టుకున్న మామగారు, ఫోను మాట్లాడే నెపంతో నాలుగడుగులు దూరంగా అల్లుడు. "నేనే నడిపానని రాసేస్తే పోలా" అన్న మాట అక్కడే పుడుతుంది.

చాలాసార్లు ఆ అబద్ధంతో పనే ఉండదు. అల్లుడు నడిపినా, కొడుకు నడిపినా, బావమరిది నడిపినా, ఆ మాటకొస్తే పక్కింటాయన నడిపినా కారుకు బీమా ఉన్నట్టే. అక్కర్లేని అబద్ధం రాసి, రావలసిన డబ్బును చేజేతులా పోగొట్టుకోవడమే అవుతుంది. అసలు భయపడాల్సింది ఇంకోచోట ఉంది. అరువు బండి నడుపుతున్న ఆ మనిషికే ఏదైనా అయితే, ఆ పాలసీలో అతని కోసం రాసిపెట్టి ఉన్నది దాదాపు ఏమీ లేదు. ఆ సంగతి మాత్రం షెడ్డు దగ్గరా అడగరు, రెన్యువల్‌కి వచ్చిన ఏజెంటునూ అడగరు.

బీమా బండిని పట్టుకుని ఉంటుంది

మన దగ్గర మోటారు పాలసీ బండికి రాస్తారు. పాలసీ పత్రంలో 'డ్రైవర్స్ క్లాజ్' అని ఓ చిన్న పేరా ఉంటుంది. దాని సారం ఇంతే: బీమా చేయించుకున్న వ్యక్తితో సహా ఎవరైనా నడపొచ్చు, నడిపే మనిషికి ప్రమాద సమయానికి చెల్లే లైసెన్సు ఉండాలి, లైసెన్సుకు అనర్హుడై ఉండకూడదు. లెర్నర్స్ లైసెన్సు ఉన్నవాళ్లూ నడపొచ్చు, కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని మూడో నిబంధన పాటించాలి. అంటే పక్క సీట్లో లైసెన్సున్న మనిషి బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి, బండికి ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి. చుట్టరికం గురించి ఆ పేరాలో ఒక్క మాట కూడా కనపడదు.

ఇది అన్నిచోట్లా ఇలాగే ఉండదు. బ్రిటన్‌లో సాధారణంగా పాలసీలో పేరున్న డ్రైవర్లకే కవర్. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బీమా బండి వెంటే పోతుంది గానీ, ఒకే ఇంట్లో ఉంటూ బండి నడిపేవాళ్లందరి వివరాలూ కంపెనీకి చెప్పాలి. ఫలానా వాళ్లు నడపరని పాలసీలోంచి మినహాయిస్తే, వాళ్లు నడిపిన రోజున కవర్ ఉండదు. గుంటూరు జిల్లాలోనూ కృష్ణా జిల్లాలోనూ అమెరికాలో పిల్లలు లేని వీధి తక్కువ కాబట్టి, అక్కడి అలవాటు మాటలు ఇక్కడి బండ్ల మీదకు వచ్చి పడుతున్నాయి. "అల్లుడి పేరు పాలసీలో చేర్చలేదు, క్లెయిమ్ రాదేమో" అన్న దిగులు అలా వచ్చిందే. ఇక్కడ చేర్చాల్సిన పని లేదు.

అయితే ఏ పాలసీ ఉందన్నది చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి అయింది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. బయటివాళ్లకు జరిగిన నష్టాన్ని అది చూసుకుంటుంది, సొంత కారు బంపర్‌కు రూపాయి ఇవ్వదు. జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అనేది ప్యాకేజీ పాలసీ. థర్డ్ పార్టీతో పాటు సొంత బండి నష్టం కూడా అందులో ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత నష్టం భాగాన్ని చాలామంది ఏడాదికే తీసుకుంటారు. ఆ ఏడాది దాటాక అది అయిపోయిన సంగతి మరిచిపోయి, చేతిలో మూడేళ్ల కాగితం ఉంది కదా అనుకుని తిరిగే బండ్లు ఉన్నాయి. బంధువుకు తాళం ఇచ్చే ముందు చూసుకోవాల్సిన మొదటి తేదీ అదే.

లైసెన్సు దగ్గర తిరకాసు

సంక్రాంతికి అమెరికా నుంచి అల్లుడు వస్తాడు. గన్నవరంలో దిగిన రెండోరోజు అత్తగారింటి కారు తీసి మంగళగిరి కొండకో, గుంటూరులో స్నేహితుడి ఇంటికో బయలుదేరతాడు. అతని జేబులో ఉన్నవి రెండు కార్డులు: అమెరికాలో ఓ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు, ఇంజినీరింగ్ రోజుల్లో ఇక్కడ తీసుకున్న పాత లైసెన్సు. రెండోదాని గడువు తీరిపోయి ఉంటే ఏమవుతుంది? గడువు ముగిశాక కూడా 30 రోజులు లైసెన్సు చెల్లే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో దాన్ని ఎత్తేశారు. కార్డు మీద తేదీ దాటిన మర్నాటి నుంచి అది లేనట్టే. అమెరికా కార్డు ఒక్కదాన్ని చూపించి క్లెయిమ్ గట్టెక్కిద్దామనుకోవడం సాహసం. బయలుదేరే ముందే అక్కడ అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని దాంతో పాటు వెంట పెట్టుకోవాలి. దాని గడువు కూడా ఏడాదే. (కుడివైపు నడిపే అలవాటు పడ్డ మనిషి బెంజి సర్కిల్లో ఎటు తిరుగుతాడన్నది బీమా ప్రశ్న కాదు గానీ, అడగదగ్గ ప్రశ్నే.)

లైసెన్సు ఉంటే చాలదు, ఆ తరగతి బండికి ఉండాలి. ఇంట్లో కుర్రాడికి మోటారు సైకిల్‌కే లైసెన్సు ఉంటుంది, కారు 'నేర్చేసుకున్నాడు' కాబట్టి ఇచ్చేస్తారు. బీమా కంపెనీ దృష్టిలో అతను లైసెన్సు లేనివాడితో సమానం. తాగి నడిపితే సొంత బండి నష్టం క్లెయిమ్ పోయినట్టే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చట్టం దృష్టిలో తాగి నడిపినట్టే. 'రెండు బీర్లే' అన్న వాదనకు విలువ లేదు.

ఇలాంటప్పుడు రెండు రకాల నష్టాలకు రెండు రకాల ఫలితాలు ఉంటాయి. సొంత బండి రిపేరు డబ్బును కంపెనీ ఇవ్వననొచ్చు, ఎందుకంటే అది కంపెనీకీ యజమానికీ మధ్య ఒప్పందం, ఒప్పందం షరతు తప్పింది. దెబ్బలు తగిలిన బాటసారి సంగతి వేరు. యజమాని చేసిన తప్పుకు అతనికి పరిహారం ఎందుకు ఆగాలి? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. లైసెన్సు లేదని చూపించి కంపెనీ ఊరికే తప్పుకోలేదు. ఆ ఉల్లంఘనలో యజమాని తప్పు ఉందని రుజువు చేయాలి. రుజువైనా, ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చెప్పవచ్చు. కోర్టు భాషలో దీన్ని 'పే అండ్ రికవర్' అంటారు. బాధితుడికి ఇది మేలు. యజమానికి మాత్రం బీమా ఉండీ లేనట్టు: కంపెనీ కట్టిన లక్షలు తిరిగి ఆయన ఇంటికే బిల్లుగా వస్తాయి.

"నేనివ్వలేదు, వాడే తీసుకెళ్లాడు" అనే మాట కూడా గట్టిగా నిలబడదు. ఇంటికి వచ్చిన ఒక మైనర్ కుర్రాడు యజమానికి తెలియకుండా తాళాలు తీసుకుని మోటారు సైకిల్ మీద వెళ్లి ప్రమాదం చేశాడు. బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చన్న ఉత్తర్వును 2011లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవాల్సింది యజమానే అని చెప్పింది. టీవీ పక్కన మేకుకు తాళాలు వేలాడదీసే ఇళ్లన్నిటికీ వర్తించే మాట ఇది.

మైనర్ల విషయంలో బీమా కంటే శిక్షే పెద్దది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులనో యజమానినో దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్స్ లైసెన్సు లేదు. ఇంటర్ కాలేజీల ముందు సాయంత్రం వరసగా ఆగి ఉన్న స్కూటర్లను చూస్తే ఈ సెక్షన్ గుర్తుకు రాక మానదు. మేజరే అయినా లైసెన్సు లేనివాళ్లకు బండి ఇస్తే 180వ సెక్షన్ కింద యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. నడిపినవాడి మీద పడేది వేరే లెక్క.

ఒకే కారు, నాలుగు సీట్లు, నాలుగు లెక్కలు

బీమా కాగితం అసలు రంగు బయటపడేది ఒకే కారులో ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు. ఓ ఉదాహరణ అనుకుందాం. పటమట నుంచి గుంటూరు బ్రాడీపేటలో పెళ్లికి కారు బయలుదేరింది. కారు మామగారిది, ప్యాకేజీ పాలసీ ఉంది. అల్లుడు నడుపుతున్నాడు, లైసెన్సు పక్కాగా ఉంది. పక్క సీట్లో కూతురు. వెనక మామగారు, అత్తగారు. కాజ టోల్‌ప్లాజా దాటాక అల్లుడు రెప్ప వాల్చాడు. కారు ముందున్న మోటారు సైకిల్‌ను కొట్టి డివైడర్ ఎక్కింది. తప్పు పూర్తిగా అతనిదే.

మోటారు సైకిల్ మీది మనిషి థర్డ్ పార్టీ. అతని గాయానికి, ప్రాణానికి ట్రిబ్యునల్ ఎంత పరిహారం నిర్ణయిస్తే అంతా కంపెనీ కట్టాలి, దానికి పైపరిమితి లేదు. అతని బండి నష్టానికీ, హైవే డివైడర్‌కూ కలిపి ఆస్తి నష్టం కింద మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. ప్రీమియం కొంచెం తగ్గుతుందని దాన్ని 6,000 రూపాయలకు కుదించుకునే వీలు కూడా పాలసీలో ఉంది. ఆ కాస్త మిగులు కోసం అంత పని ఎవరైనా ఎందుకు చేస్తారో అర్థం కాదు. కేసు ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. 2019 సవరణ తర్వాత బాధితులు ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి.

కూతురు, అత్తగారు కారులో ప్రయాణికులు. ఇక్కడ పాలసీ రకం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, సొంత కారులో ఊరికే ఎక్కిన వాళ్లకు అది వర్తించదు. ప్యాకేజీ పాలసీ అయితే కారులోని వాళ్లకూ బాధ్యత కవర్ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరు 16న సర్క్యులర్ ఇచ్చింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఆధారం చేసుకుంది. కాబట్టి కూతురు, అత్తగారు పరిహారం కోరవచ్చు. తప్పు చేసింది భర్తే, అల్లుడే అయినా సరే. "సొంతవాళ్ల మీద కేసు ఏమిటి" అని చాలా ఇళ్లలో ఈ హక్కును వదిలేసుకుంటారు. కాగితం మీద ప్రతివాదులుగా అల్లుడూ మామగారూ ఉంటారు గానీ, డబ్బు కట్టేది కంపెనీ.

మామగారి లెక్క వింతగా ఉంటుంది. కారు ఆయనది, ప్రీమియం ఆయన కట్టారు, నడిపింది ఆయన కాదు, దెబ్బలు ఆయనకు తగిలాయి. అయినా ఆయన థర్డ్ పార్టీ కాదు. బీమా ఒప్పందంలో ఒక పక్షమే ఆయన. సొంత వాహనంలో కూర్చుని ప్రయాణిస్తూ గాయపడ్డ యజమానికి కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదని 2004లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆయనకు మిగిలేది 'యజమాని-డ్రైవర్' కోసం పాలసీతో పాటు తప్పనిసరిగా తీసుకోవాల్సిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్. అందులో కూడా మెలిక ఉంది. యజమాని తానే నడుపుతున్నప్పుడు, బండి ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు, డ్రైవరుకు తోడుగా కో-డ్రైవర్‌గా ప్రయాణిస్తున్నప్పుడు అని పాలసీలో రాసి ఉంటుంది. వెనక సీట్లో నిద్రపోతున్న పెద్దాయన కో-డ్రైవర్ ఎలా అవుతాడని కంపెనీ అడిగితే జవాబు చెప్పడం కష్టం. ముందు సీటును కూతురికి వదిలేసిన మర్యాద అలా ఖరీదైపోతుంది.

ఇక అల్లుడు. బండిని అనుమతితో తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే అని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో మనిషి అరువు తెచ్చుకున్న మోటారు సైకిల్ నడుపుతూ ఎడ్లబండిని ఢీకొని చనిపోయాడు. తప్పు ఎవరిదన్న రుజువుతో పని లేకుండా పరిహారం ఇచ్చే అప్పటి 163ఏ సెక్షన్ కింద అతని కుటుంబం ఆ బండి బీమా కంపెనీని అడగలేదని కోర్టు తేల్చింది. యజమాని తన మీద తానే దావా వేసుకోలేడు కదా. ఆ స్థానంలోకి వచ్చినవాడూ అంతే. 2020లో ఇంకో అరువు మోటారు సైకిల్ కేసులోనూ ఇదే మాట చెప్పి, ఆ పాలసీలో వ్యక్తిగత ప్రమాద కవర్‌గా ఉన్న లక్ష రూపాయలను మాత్రం ఇప్పించింది.

ఆ లక్ష తీర్పును చూపించి ఇప్పుడు 15 లక్షలు అడగవచ్చా? న్యాయవాది అడుగుతాడు, అడగాలి కూడా. కానీ పాలసీ పదాలు అనుకూలంగా లేవు. యజమాని-డ్రైవర్ అంటే ఆర్‌సీలో పేరుండాలి, పాలసీలో పేరుండాలి, లైసెన్సు ఉండాలి. ఈ మూడూ ఒకే మనిషికి ఉండాలి. అల్లుడికి మూడోది మాత్రమే ఉంది. బాటసారిని, భార్యను, అత్తగారిని కాపాడిన పాలసీ స్టీరింగ్ పట్టుకున్న మనిషి దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. అదే ప్రమాదంలో తప్పు ఎదుటి లారీదై ఉంటే అతను లారీ బీమా కంపెనీ మీద పూర్తి పరిహారానికి కేసు వేయవచ్చు. గుద్ది పారిపోయిన బండి అయితే 2022 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తున్నారు. తప్పు తనదే అయిన అరువు డ్రైవరుకు ఇవేవీ లేవు.

అమ్మ పేరు మీద ఉన్న కారు

ఇంతకంటే పెద్ద చిల్లు ఇంకోటి ఉంది, అది మన ఇళ్లలో మామూలు. లోను కోసమో, సెంటిమెంటు కోసమో కారును ఇంటి ఆడవాళ్ల పేరు మీద కొంటారు. అమ్మకు డ్రైవింగ్ రాదు, లైసెన్సు లేదు. కొడుకే రోజూ నడుపుతాడు. లైసెన్సు లేని యజమానికి తప్పనిసరి ప్రమాద కవర్ ఇవ్వకూడదని పాత మోటారు టారిఫ్‌లోనే ఉంది. కంపెనీ పేరు మీదో భాగస్వామ్య సంస్థ పేరు మీదో ఉన్న బండికీ అంతే. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు మాత్రం ఆ గడిలో టిక్కు దానంతటదే పడి ఉంటుంది, డబ్బు కట్టేస్తారు. అమ్మకు అది వర్తించదు, కొడుకుకు వర్తించదు. ఏడాదికేడాది కడుతున్న ఆ సొమ్ము ఎవరి కోసమో చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఈ చిల్లు పూడ్చడానికి ఖర్చు తక్కువే. ఐఎంటీ 15 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) కింద పేరు రాసి ఫలానా మనిషికి వ్యక్తిగత ప్రమాద కవర్ తీసుకోవచ్చు. పేర్లు లేకుండా సీట్ల లెక్కన ఇచ్చే ఐఎంటీ 16 కూడా ఉంది, మనిషికి 2 లక్షల దాకా. నడుపుతున్న బంధువు కూడా దానిలోకి వస్తాడో లేదో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. జీతం డ్రైవరుకు ఐఎంటీ 28 అనే ఇంకో లైను ఉంటుంది. దాన్ని చూసి "డ్రైవర్ కవర్ ఉంది" అని అల్లుడికి ధైర్యం చెప్పకూడదు, అది జీతానికి పెట్టుకున్న మనిషికి మాత్రమే. వీటన్నిటికంటే, బండితో సంబంధం లేకుండా కొడుకు పేరు మీద విడిగా ప్రమాద బీమా తీసుకుంటే ఏ కారు నడిపినా, ఎవరి స్కూటర్ ఎక్కినా పనికొస్తుంది. కనీసం బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు మినహాయించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అయినా ఉండాలి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ప్రమాద మరణానికి 2 లక్షలు.

గీత పడితే ఎవరు కట్టాలి

ప్రాణాపాయం లేని ప్రమాదాలే ఎక్కువ, ఇళ్లలో మాట పట్టింపులకు కారణమయ్యేవీ అవే. బావమరిది కారు తీసుకెళ్లి బందరు రోడ్డులో ఆటోకు తగిలించాడు. బంపర్ 6,000, పెయింటింగ్, కూలీ కలిపి 3,000. ప్లాస్టిక్ భాగాలకు తరుగు సగం తీసేస్తారు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా 1,000 రూపాయలు యజమాని భరించాలి, ఆ పైన సీసీ అయితే 2,000. అంటే చేతికి వచ్చేది సుమారు 5,000.

పోయేది నో క్లెయిమ్ బోనస్. ఏ క్లెయిమూ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి సొంత నష్టం ప్రీమియంలో 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు వస్తుంది. ఈ బోనస్ యజమానిది, కానీ బండి ఎవరు గుద్దినా పోతుంది. తగ్గింపుకు ముందు ప్రీమియం 12,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో 6,000 కడుతున్నవాడు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది మొత్తం 12,000 కట్టాలి. ఆపై ఏడాది 9,600, తర్వాత 9,000, 7,800, 6,600. మళ్లీ 6,000 దగ్గరకు చేరేసరికి అదనంగా కట్టింది 15,000. ఏటా బండి విలువ పడిపోతుంది కాబట్టి నిజంగా అంత కాకపోయినా, 5,000 కోసం అంతకంటే ఎక్కువే పోగొట్టుకోవడం ఖాయం. బావమరిది "ఇన్సూరెన్స్‌లో చేయించుకో బావా" అనడం ఉదారంగానే వినిపిస్తుంది. అతను 9,000 చేతిలో పెట్టి షెడ్డు దగ్గర లెక్క తేల్చేయడమే నిజానికి ఉదారం. బోనస్ కాపాడే యాడ్-ఆన్ తీసుకుని ఉంటే ఈ లెక్క మారుతుంది. కిలోమీటర్ల లెక్కన ప్రీమియం కట్టే పాలసీ అయితే మాత్రం బంధువులు తిప్పిన ప్రతి కిలోమీటరూ యజమాని కోటాలోంచే పోతుంది.

పెళ్లికి కారిచ్చి పెట్రోలు కొట్టించుకోవడం అద్దె కాదు. కిలోమీటరుకు ఇంతని మాట్లాడుకుని తెల్ల నంబరు ప్లేటు కారును తిప్పితే అది వేరే వ్యవహారం. ప్రైవేటు పాలసీలో అద్దె వాడకం మినహాయింపుల్లో ఉంటుంది. అలాంటి కేసుల్లోనూ క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా 'నాన్ స్టాండర్డ్' లెక్కన 75 శాతం దాకా ఇవ్వాలన్న పద్ధతిని 2010లో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు మునిగినప్పుడు, బండి ఎవరి ఇంటి ముందు ఉంది, ఎవరు పెట్టారు అన్నది సొంత నష్టం క్లెయిమ్‌కు అడ్డం కాదు. నీళ్లలో ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేశారా అన్నదే అడ్డం.

మళ్లీ ఆ గడి దగ్గరకు

డ్రైవర్ పేరు మార్చి రాయడం చిన్న సర్దుబాటులా అనిపిస్తుంది. నష్టం చూడటానికి వచ్చే సర్వేయర్‌కు దొరికే దారులు చాలా. ఎఫ్‌ఐఆర్‌లో ఒక పేరు, ఆసుపత్రి మెడికో లీగల్ రికార్డులో ఇంకో పేరు, టోల్‌ప్లాజా కెమెరాలో మూడో ముఖం. సీట్‌బెల్ట్ గుర్తు ఎవరి ఏ భుజం మీద పడిందో డాక్టరు రాసేస్తాడు. లైసెన్సున్న అల్లుడు నడిపాడని నిజం రాస్తే నిలిచే క్లెయిమ్, మామగారు నడిపారని రాసినందుకు తప్పుడు సమాచారం కింద పోతుంది. లైసెన్సు లేని కుర్రాడిని దాచడానికి రాస్తే అది మోసం కేసు దాకా వెళ్లొచ్చు.

కంపెనీ అన్యాయంగా తిరస్కరించిందనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటుంది, ఫీజు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది. థర్డ్ పార్టీ పరిహారాల కేసులు మాత్రం ట్రిబ్యునల్‌లోనే.

అరువు, బహుమతి, వారసత్వం

"కారు తమ్ముడికి ఇచ్చేశాం, ఆర్‌సీ వీలు చూసుకుని మార్చుకుంటాడు" అన్నది అరువు కాదు, బదిలీ. ఇలాంటి బండికి థర్డ్ పార్టీ కవర్ కొనసాగుతుంది గానీ, కొత్త యజమాని 14 రోజుల్లో బీమా కంపెనీకి చెప్పి పాలసీ తన పేరుకు మార్పించుకోవాలి. మార్పించుకోకపోతే సొంత నష్టం క్లెయిమ్ అతనికి రాదని 1996 నుంచీ సుప్రీంకోర్టు మాట. ఇక ఆర్‌సీలో పేరు మారనంత కాలం పాత యజమానే యజమాని అని 2018లో మరోసారి చెప్పింది. తమ్ముడు అమ్మిన మనిషి, ఆ మనిషి అమ్మిన ఇంకో మనిషి ప్రమాదం చేసినా నోటీసు అన్నగారి ఇంటికే వస్తుంది.

యజమాని చనిపోయిన ఇళ్లలో ఇంకా నెమ్మది. నాన్న కారు, నాన్న పేరు మీదే ఏళ్ల తరబడి తిరుగుతుంది, ఏపీ 7, ఏపీ 16 నంబర్ల పాత బండ్లలో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. చట్టం ప్రకారం వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. అలా తెలియజేస్తే మూడు నెలల పాటు బండి వాడుకోవచ్చు, ఈలోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. పాలసీ కూడా యజమాని మరణం తర్వాత మూడు నెలలు, లేదా దాని గడువు ముందే తీరితే అప్పటిదాకా నిలిచి ఉంటుంది. ఆ లోపు మరణ ధ్రువపత్రం, పాలసీ కాపీ, ఆర్‌సీ పట్టుకుని కంపెనీకి వెళ్లి కొత్త పేరు మీద రాయించుకోవాలి. చాలా ఇళ్లలో పెద్దకర్మ అయ్యాక, ఏడూడి లోపల, ఎప్పుడో ఒకప్పుడు చూద్దామనుకుంటారు. మూడు నెలల లెక్క మాత్రం ప్రాణం పోయిన రోజు నుంచే మొదలవుతుంది.